కాదన్న ఇల్లు

శ్రీవల్లి పేరు ఈ ఇంట్లో ఇక ఎవరూ ఎత్తకూడదని కిరణ్‌కుమార్ వంటింట్లో తేల్చి చెప్పేశాడు. పొయ్యి మీద పాలు పొంగుకొచ్చాయి. ఆయన భార్య భానుశ్రీ మంట తగ్గించింది.

నోరు విప్పింది ఆయన తల్లి బాలమణి ఒక్కతే.

"పేరెత్తకపోతే అయిపోతదా కిరణూ? మొన్న దీపావళికి గీ బల్ల కాడనే కూసొని గారెలు తిన్నది గా పిల్ల. నానమ్మా నానమ్మా అనుకుంట నా ఎనకాలనే తిరిగింది."

"అందుకేనే అమ్మా కడుపు మండుతున్నది. మన ఇంట్ల తిన్నది. మన పిల్లనే వద్దన్నది."

వద్దన్నది సొరోరిటీలోకి. వాళ్ళ కూతురు అనుష్క చదివే కాలేజీలో ఆడపిల్లలు కలిసి ఒక ఇంట్లో ఉంటూ నడుపుకునే సంఘం అది. థీటా రో దాని పేరు. పాతికేళ్ళ పైచిలుకు క్రితం భానుశ్రీ కూడా ఆ ఇంట్లోనే ఉండి చదువుకుంది. ఇప్పుడు ఆ ఇంటి బాగోగులు చూసే పాత విద్యార్థినుల కమిటీకి ఆమే ప్రెసిడెంట్. అలాంటామె కన్నకూతురికి అక్కడ చోటు దొరకలేదు.

ఆ ఇంట్లో మొదటినుంచీ ఒక ఆచారం ఉంది. కొత్తమ్మాయిని తీసుకునేటప్పుడు లోపలున్న వాళ్ళలో ఒక్కరు లేచి 'నాకిష్టం లేదు' అన్నా చాలు, తీసుకోరు. కారణం చెప్పనక్కర్లేదు. అనుష్క పేరు చదివినప్పుడు ఒకరు లేచారు. లేచింది కుటుంబ స్నేహితుల కూతురు శ్రీవల్లి అన్న సంగతి వారం తిరక్కముందే బయటికి పొక్కింది.

"నువ్వు ప్రెసిడెంట్‌వి. ఒక్క ఫోన్ చెయ్యి. మళ్ళీ వోటింగ్ పెట్టమను," అన్నాడు కిరణ్‌కుమార్.

"అలా అనకూడదు. ఎవర్ని తీసుకోవాలన్నది లోపలి అమ్మాయిల ఇష్టం. కప్పు కారితే మేం చూస్తాం. ఇల్లు వెచ్చబరిచే ఫర్నేస్ పాడైతే బాగు చేయిస్తాం. అంతవరకే."

"అంటే చాకిరీకి నువ్వు కావాలి. నీ పిల్ల మాత్రం వద్దు."

అదే మాట భానుశ్రీ లోపలా తిరుగుతోంది. తన నోటితో అనలేక ఊరుకుంది, అంతే.

"నీకు కోపం రావట్లేదా?"

"వస్తోంది."

"మరి?"

"ఎవరి మీద వస్తోందో తెలియట్లేదు."

కిరణ్‌కుమార్ కాఫీ కప్పు సింక్‌లో పెట్టి వెళ్ళిపోయాడు. అది ఖాళీ కాలేదు.

భానుశ్రీ రెండు దోసెలు పళ్ళెంలో పెట్టుకుని పైకి వెళ్ళింది. వీకెండ్‌కి ఇంటికొచ్చిన అనుష్క గది తలుపు వేసే ఉంది. వచ్చిన దగ్గర్నుంచీ అంతే. పడుకుంటుంది, ఎవరూ లేనప్పుడు దిగి పాలల్లో సీరియల్ వేసుకుని తింటుంది, మళ్ళీ పైకి పోతుంది. ఏడ్చిన జాడ కూడా కనబడదు. అదే భానుశ్రీని ఎక్కువ భయపెడుతోంది.

"అనూ, దోసెలు తెచ్చాను."

"ఐ యామ్ ఓకే అమ్మా. ఆకలి లేదు."

"రేపు అక్కడ ఫౌండర్స్ లంచ్ ఉంది. నువ్వు వద్దంటే నేను వెళ్ళను."

తలుపు అవతల మంచం కిర్రుమంది.

"వెళ్ళు. నీకు ఇష్టం కదా," అంది అనుష్క.

మామూలు మాటే. అయినా అది భానుశ్రీకి ఎక్కడో గుచ్చుకుంది. ఎక్కడన్నది తేల్చుకోలేక పళ్ళెం గుమ్మం పక్కన పెట్టి దిగివచ్చింది.

*

మధ్యాహ్నం కనకదుర్గ వచ్చింది. శ్రీవల్లి తల్లి. తాముండే షామ్‌బర్గ్‌లో ఈ రెండు కుటుంబాలకీ పొత్తు ఎంతటిదంటే, ఒకళ్ళింటి తాళం చెవి ఇంకొకళ్ళ దగ్గరుంటుంది. చేతిలో ఏదో ఒక డబ్బా లేకుండా ఈ గుమ్మం ఎక్కని మనిషి ఆ రోజు ఖాళీ చేతులతో వచ్చి, బూట్లకంటిన మంచు మెట్టు మీద దులుపుకుంటూ అక్కడే నిలబడింది. తాళం చెవి ఉండి కూడా బెల్ కొట్టింది.

"లోపలికి రానిస్తావా భానూ?"

"అదేం మాట దుర్గా?"

"కిరణ్ అన్నయ్య మెసేజ్ చూశాక అడక్కుండా ఎలా వస్తాను?"

"ఏం మెసేజ్?"

కనకదుర్గ ఆమె ముఖంలోకి చూసింది. నిజంగానే తెలియదని అర్థమయ్యాక గొంతు కాస్త తగ్గించింది. "మా ఆయనకి పెట్టారు. మీ అమ్మాయిని ఇక మా ఇంటికి పంపకండి అని. ఆయన పొద్దుటి నుంచీ ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చునే ఉన్నారు."

భానుశ్రీ ఆమెని లోపలికి లాగి తలుపు వేసింది. ఇద్దరూ సోఫాలో కూర్చోలేదు. చెప్పుల స్టాండు పక్కనే నిలబడ్డారు.

"దాన్ని అడిగాను భానూ. ఎందుకు చేశావే అని అడిగాను. చెప్పకూడదంది. లోపలి మాట బయటికి చెప్పనని ప్రమాణం చేశారంట. ఆ ప్రమాణాలేంటో నీకే తెలియాలి."

"తెలుసు."

"తిట్టాను. నోటికొచ్చినట్టు తిట్టాను. ఒకటే అంది, మమ్మీ, ఐ డిడ్ ద రైట్ థింగ్ అని. నా పిల్ల అబద్ధం చెబితే నేను కనిపెట్టేస్తాను. అబద్ధం చెప్పట్లేదు."

"అంటే మా పిల్లే పనికిరానిదనా?"

ఆ మాట నోరు జారాక భానుశ్రీకే వింతగా వినిపించింది. అది కిరణ్‌కుమార్ గొంతులా ఉంది.

"నేనలా అన్నానా?"

"అలాగే వినబడింది."

కనకదుర్గ కోటు గుండీ ఒకటి విప్పబోయి ఆగింది. "అసలు దాన్ని అందులో చేర్చమన్నదెవరు? పార్టీలు, తాగుళ్ళు ఉంటాయని మా ఆయన వద్దంటే, మా సోఫాలో కూర్చుని నువ్వేం చెప్పావ్? అక్కడ ఒకళ్ళకొకళ్ళు తోడుంటారు, నా మాట నమ్మండి అన్నావు. నమ్మాం."

"నమ్మి మీరు పోగొట్టుకున్నదేముంది దుర్గ గారూ?" కిరణ్‌కుమార్ ఆఫీస్ గదిలోంచి వచ్చాడు. గొంతు పెంచలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. "పోగొట్టుకున్నది మా పిల్ల. రోజూ కళ్ళముందు తిరిగిన పిల్ల గురించి నలుగురిలో లేచి వద్దని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి? అలాంటి ధైర్యం పెంపకంలోనే రావాలి."

కనకదుర్గ మొహంలో నెత్తురు లేదు. విప్పని గుండీనే మళ్ళీ పెట్టుకోబోయింది.

"నన్నేమైనా అనండి అన్నయ్యా. నా పెంపకం మాత్రం..."

ఆ వాక్యం ఆమె పూర్తి చెయ్యలేదు. తలుపు తనే తీసుకుని వెళ్ళింది. డ్రైవ్‌వే మీద మంచు గడ్డకట్టి జారుడుగా ఉంది. కారు దాకా ఒక్కో అడుగూ చూసుకుని వేస్తూ వెళ్ళింది. ఇంకో రోజైతే భానుశ్రీ చెయ్యి పట్టుకుని దింపేది.

ఆ రోజు కిటికీలోంచి చూస్తూ నిలబడింది.

*

ఆదివారం పొద్దున భానుశ్రీ బయలుదేరబోతుంటే బాలమణి స్వెటర్ మీద స్వెటర్ తొడుక్కుని, పైన శాలువా కప్పుకుని తలుపు దగ్గర తయారుగా ఉంది.

"నేనొస్త బిడ్డా. వచ్చిన సంది గీ గోడలే జూస్తున్న. నువ్వు గంత పానం బెట్టుకున్న ఇల్లేందో నేను గూడ జూస్త."

కాలేజీ ఊరు పడమరగా గంటన్నర ప్రయాణం. పట్నం దాటాక దారికి అటూ ఇటూ మొక్కజొన్న కోసేసిన చేలు మంచు కింద పడుకుని ఉన్నాయి. బాలమణి చాలాసేపు వాటినే చూసింది.

"గా ఇల్లు షురూ జేసిందెవ్వరు?"

"ఏడుగురు అమ్మాయిలు, అత్తమ్మా. తొంభై ఏళ్ళ పైమాట. అప్పటికే కాలేజీలో పెద్ద పెద్ద సంఘాలు ఉండేవి, దేశమంతా శాఖలున్నవి. వాటిలోకి వెళ్తే వీళ్ళని రానివ్వలేదు. ఒకమ్మాయి తండ్రి రైల్వే కూలీ. ఇంకో అమ్మాయి వాళ్ళు పోలండ్ నుంచి వచ్చినవాళ్ళు, ఇంగ్లీషు సరిగ్గా రాదు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు పొద్దున్నే పాలు పితికి క్లాసుకి వచ్చేవాళ్ళట. పేడ వాసన వస్తోందన్నారట."

"పాలు తాగేటప్పుడు రాలేదా వాసన?"

భానుశ్రీ నవ్వింది. ఈ మధ్య ఆమె నవ్వడం అదే మొదలు.

"ఏడుగురూ కలిసి ఒక బేకరీ మీద రెండు గదులు అద్దెకి తీసుకున్నారు. ఒకటే పొయ్యి. వంతులేసుకుని వండుకునేవాళ్ళు. కింద రొట్టెలు కాలుతుంటే ఆ వేడికి గదులు వెచ్చగా ఉండేవట. ఎవరూ రానివ్వకపోతే మనమే ఒక ఇల్లు అవుదాం అనుకున్నారు. గ్రీకు అక్షరాలు లైబ్రరీలో చూసి పేరు కూడా వాళ్ళే పెట్టుకున్నారు. తర్వాత్తర్వాత పెద్ద సంఘాల వాళ్ళే వచ్చి మాలో కలవండి అన్నారు. కలవలేదు. దేశం మొత్తం మీద ఆ పేరుతో ఉన్నది ఆ ఒక్క ఇల్లే."

"మరి నువ్వెట్ల బోయినవ్ అండ్లకు?"

ముందు మంచు కరగడానికి ఉప్పు చల్లే బండి మెల్లగా పోతోంది. భానుశ్రీ దాన్ని దాటకుండా వెనకే నడిపింది.

"మా అమ్మ పోయినప్పుడు."

బాలమణి ఇటు తిరిగింది.

"ఫస్ట్ ఇయర్‌లో ఉన్నాను. హాస్టల్‌కి నాన్న ఫోన్ చేశారు. అప్పటికి నేను ఆ ఇంటి మనిషిని కాను. సోమవారం రాత్రి అక్కడ అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేస్తారు. ఒకసారి పిలిస్తే వెళ్ళాను, అంతే పరిచయం. ఆ పరిచయానికే ఇద్దరమ్మాయిలు కారేసుకొచ్చి నన్ను ఈ దేశంలోనే అమ్మానాన్నలుండే ఊరు చేర్చారు. తిరిగొచ్చాక హాస్టల్‌కి వెళ్ళనివ్వలేదు. నా గదిలో ఎవరో ఒకరు తోడు పడుకునేవాళ్ళు. నేను తినకపోతే తినేదాకా లేచేవాళ్ళు కాదు. నన్ను తీసుకునేటప్పుడు ఒక్కరు కూడా లేచి వద్దనలేదు, అత్తమ్మా. ఒక్కరు లేచినా నాకు చోటుండేది కాదు."

బాలమణి శాలువా సర్దుకుంది.

"గిన్నేండ్లల్ల నాకెన్నడు జెప్పలే."

"మీరెప్పుడూ అడగలేదు."

"గదీ నిజమే," అంది బాలమణి.

*

థీటా రో ఇల్లు మీగడ రంగు చెక్క ఇల్లు. ముందు వెడల్పాటి వరండా. లోపల అడుగు పెట్టగానే బంగాళదుంపల వాసన, తడి బూట్ల వాసన, హెయిర్ స్ప్రే వాసన కలిసి వచ్చాయి. గోడ మీద ఏడుగురి ఫోటో. దాని కింద ఎవరెవరు ఏ రోజు గిన్నెలు తోమాలో పేర్లు రాసిన తెల్ల బోర్డు.

బాలమణిని డొరతీ పక్కన కూర్చోబెట్టారు. డొరతీకి తొంభై దగ్గర పడుతున్నాయి. ఆ ఏడుగురిలో నలుగురిని ప్రాణాలతో చూసినది ఇప్పుడు ఆవిడ ఒక్కతే. ఆవిడ ఇంగ్లీషులో మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పింది. బాలమణి తెలుగులో తన మోకాళ్ళ గురించి చెప్పింది. ఒకరి మోకాలు ఒకరు తట్టుకున్నారు.

పొడుగు బల్ల చుట్టూ ముప్పై మంది దాకా అమ్మాయిలు. శ్రీవల్లి చివర కూర్చుంది. ఆమెకి అటు కుర్చీ ఖాళీ, ఇటు కుర్చీ ఖాళీ. బల్ల మిగతా అంతా ఇరుకుగా ఉంది. ప్రెసిడెంట్ కూతుర్ని కాదన్న పిల్ల పక్కన కూర్చోవడానికి ఎవరికీ మనసొప్పినట్టు లేదు. భానుశ్రీకి అది చూసి తృప్తి కలగాలి. కలగలేదు.

భోజనాల మధ్యలో ఆమె లేచి, ఏటా చెప్పే కథే చెప్పడం మొదలుపెట్టింది. బేకరీ. రెండు గదులు. ఒకే పొయ్యి. కొత్తగా చేరిన అమ్మాయిలు చెంచాలు కింద పెట్టి వింటున్నారు. 'కాదనిపించుకోవడం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు కట్టిన ఇల్లు ఇది. అందుకే ఇక్కడ ఎవరూ ఒంటరిగా కూర్చోరు' అన్నది చివరి వాక్యం. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆమె కళ్ళు బల్ల చివరికి వెళ్ళాయి. ఆ వాక్యం వదిలేసింది. మంచినీళ్ళు తాగి, థాంక్యూ అని కూర్చుంది.

ఏదో తక్కువైందని పాతవాళ్ళందరికీ తెలిసింది. చప్పట్లు మాత్రం కొట్టారు.

శ్రీవల్లి వంటింట్లో దొరికింది. ఆ రోజు వంతు ఆమెది కాదు. అయినా పళ్ళేలు కడుగుతోంది.

"ఆంటీ, మీరు నన్ను అడగకూడదు."

"నాకు తెలుసు."

"నేను చెప్పకూడదు."

"అదీ తెలుసు."

భానుశ్రీ ఒక గుడ్డ తీసుకుని పళ్ళేలు తుడవడం మొదలుపెట్టింది. ఒక పళ్ళెం, ఇంకో పళ్ళెం.

"మమ్మీ మీ ఇంటికి వచ్చిందంట. అంకుల్ ఏదో అన్నారంట."

"అన్నారు."

"మీరేమన్నారు ఆంటీ?"

"నేనేమీ అనలేదు."

శ్రీవల్లి తల ఊపింది. ఏదో అన్నా బాగుండేదన్నట్టు ఊపింది. "నన్ను ఎవరేమన్నా పర్లేదు ఆంటీ. వీళ్ళెవరూ మాట్లాడకపోయినా ఐ కెన్ టేక్ ఇట్. మమ్మీ మాత్రం... నిన్న ఫోన్లో తను మాట్లాడలేకపోయింది."

అడగనని అన్న మనిషి అప్పుడు అడిగేసింది. "మా పిల్ల నీకేం చేసింది శ్రీవల్లీ?"

శ్రీవల్లి కుళాయి కట్టేసింది. చేతులు తుడుచుకోకుండా అలాగే నిలబడింది. కళ్ళలో నీళ్ళు నిండాయి కానీ కారలేదు.

"మీరు నన్ను అడుగుతున్నారు. అనుష్కని అడిగారా?"

"దాన్ని ఏం అడగను? అదే బాధలో ఉంది."

"తనకేం కావాలని ఆంటీ. ఎప్పుడైనా అడిగారా?"

శ్రీవల్లి ఇంకో పళ్ళెం అందుకుంది. కుళాయి మళ్ళీ తిప్పింది.

*

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. కిరణ్‌కుమార్ కారు లేదు. బాలమణి కాళ్ళు చాపుకుని సోఫాలో ఒరిగింది. భానుశ్రీ కోటు కూడా విప్పకుండా మెట్లెక్కింది. ఈసారి తలుపు తట్టి ఆగలేదు.

అనుష్క కిటికీ దగ్గర ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"శ్రీవల్లి కనబడింది," అంది భానుశ్రీ.

కీబోర్డు మీద వేళ్ళు ఆగాయి. "ఏం చెప్పింది?"

"ఏమీ చెప్పలేదు. అక్కడ ఎవరూ తన పక్కన కూర్చోవట్లేదు."

అనుష్క కిందికి చూసింది. భానుశ్రీ మంచం అంచున కూర్చుంది. దారి పొడుగునా కూడగట్టుకున్న ప్రశ్న అడగడానికి ఇంత భయం ఎందుకో ఆమెకి అర్థం కాలేదు.

"నీకేం కావాలి అనూ?"

"అంటే?"

"అంతే. నీకేం కావాలి?"

"నువ్వు నిజంగా అడుగుతున్నావా? ఆర్ ఈజ్ దిస్ ఎ టెస్ట్?"

"నిజంగానే."

అనుష్క ల్యాప్‌టాప్ మూసేసింది. మొదలుపెట్టాక ఇక ఆగలేదు.

"నేనే చెప్పాను అమ్మా. శ్రీవల్లికి నేనే చెప్పాను, నా పేరు వచ్చినప్పుడు నో అను అని. తను వద్దంది. నేను చాలా అడిగాను. ప్లీజ్ ప్లీజ్ అని అడిగాను. అది సీక్రెట్ కదా, ఎవరికీ తెలీదు అనుకున్నాను."

భానుశ్రీ విన్నది. మాటలు ఒక్కొక్కటీ అర్థమయ్యాయి. అన్నీ కలిపి అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"నీకు ఇష్టం లేకపోతే నువ్వే వద్దని చెప్పొచ్చు కదా?"

"ఎవరికి చెప్పాలి? నీకా?"

"నాకే."

"నేను థర్డ్ గ్రేడ్‌లో ఉన్నప్పుడే ఆ సెవెన్ గర్ల్స్ పేర్లు నాకు వచ్చు. క్రిస్మస్‌కి నీ థీటా రో పిన్ పాలిష్ చేసి నాకు చూపించావు. ఇంక ఇది నీది అన్నావు. నువ్వు ఎంత హ్యాపీగా ఉన్నావో తెలుసా? అప్పుడు నేను ఎలా చెప్పాలి?"

"అంత నచ్చలేదా నీకు ఆ ఇల్లు?"

"నచ్చింది. వాళ్ళు మంచివాళ్ళే. కానీ నేను లోపలికి వెళ్తే అందరూ నీ గురించి చెప్తారు. భాను కూతురు, భాను కూతురు. నా పేరు కూడా అడగరు." అనుష్క ముక్కు చేత్తో తుడుచుకుంది. "నీకు మీ అమ్మ లేదు. అప్పుడు నీకు ఆ ఇల్లు దొరికింది. నాకు అమ్మ ఉంది కదా."

భానుశ్రీ కిటికీ వైపు తిరిగింది. బయట పక్కింటివాళ్ళ పిల్లలు మంచులో బొమ్మ చేస్తున్నారు. దానికి తల నిలవడం లేదు. ఆ మాట తనని పొగిడిందో, నిలదీసిందో ఆమెకి తేలలేదు. రెండూ అనిపించింది. కూతురి జుట్టు నిమరడానికి చెయ్యి ఎత్తింది. అంతలో బల్ల చివరి రెండు ఖాళీ కుర్చీలు గుర్తొచ్చాయి. చెయ్యి దించేసింది.

"నిన్న దుర్గ ఆంటీ మన గుమ్మంలో మాట పడింది. నీకు పైకి వినబడలేదా?"

"వినబడింది."

"వినబడి?"

"దిగలేదు."

ఎందుకు దిగలేదని అడగబోయి భానుశ్రీ ఊరుకుంది. తనూ ఆ పక్కనే నిలబడి ఉంది. తను దిగాల్సిన మెట్లు కూడా లేవు.

"దుర్గ ఆంటీకి చెప్పాలి. శ్రీవల్లితో ఆ ఇంట్లో ఉండే అమ్మాయిలకి చెప్పాలి. ముందు మీ డాడీకి చెప్పాలి."

"నువ్వు చెప్పవా అమ్మా?"

చిన్నప్పటినుంచీ అంతే. టీచర్ దగ్గరికి వెళ్ళినా, పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా, పుట్టినరోజుకి ఏ కేక్ కావాలన్నా అనుష్క అమ్మ కొంగు వెనకాల నిలబడేది, భానుశ్రీ చెప్పేది. తన పిల్ల బిడియస్తురాలని అందరితో అనేది. 'సరే' అన్న మాట అలవాటు మీద నాలుక చివరిదాకా వచ్చింది.

కింద గరాజ్ తలుపు గరగరమని లేచింది.

"అనూ, కిందికి రా బంగారూ." కిరణ్‌కుమార్ గొంతు తేలిగ్గా ఉంది. ఈ వారమంతా లేని హుషారు వినబడింది. "నువ్వు కూడా రా భానూ."

ఇద్దరూ మెట్ల దాకా వచ్చారు. ఆయన చేతిలో అనుష్కకి ఇష్టమైన పిజ్జా డబ్బా ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, కోటు కుర్చీకి తగిలించాడు.

"పని అయిపోయింది. కాలేజీకి కంప్లైంట్ పెట్టాను."

"ఏ కంప్లైంట్?" భానుశ్రీ రెయిలింగ్ పట్టుకుంది.

"శ్రీవల్లి మీద. పర్సనల్ గ్రడ్జ్‌తో కాదందని పేరు పెట్టి రాశాను. రూల్స్ మొత్తం చదివాను. ఎంక్వైరీ వేసి తీరాలి. తేలేదాకా ఆ ఇంట్లో ఏ కార్యక్రమమూ జరగకూడదు. నువ్వు అడగలేనన్నావు కదా, అందుకే నేనే అడిగాను. రేపు పొద్దున ఆఫీస్ తెరవగానే చూస్తారు."

భానుశ్రీకి ఆ రూల్స్ కంఠోపాఠం. ఎంక్వైరీ అంటే ముందు శ్రీవల్లిని ఇల్లు ఖాళీ చెయ్యమంటారు. సోమవారం భోజనాల బల్ల కూడా మూతపడుతుంది. ఆ అమ్మాయి ప్రమాణం తప్పి నిజం చెప్పాలి, లేదా నోరు మూసుకుని దోషిగా మిగలాలి. ఆ పిల్ల నోరు విప్పదని మధ్యాహ్నం ఆ ఇంటి వంటింట్లోనే తేలిపోయింది.

సోఫాలో బాలమణి కళ్ళు తెరిచి కొడుకుని చూసింది. తర్వాత మెట్ల మీద నిలబడ్డ ఇద్దర్నీ చూసింది.

"ఏంది అట్ల చూస్తున్నరు?" అన్నాడు కిరణ్‌కుమార్. ఆయన మొహంలో సంతోషం కాస్త తడబడింది. "నీ కోసమే కదరా చేసింది. నిన్ను ఎవరూ లేచి కాదనకూడదు."

అనుష్క తల్లి వైపు చూసింది. చిన్నప్పుడు టీచర్ ముందు చూసినట్టే చూసింది.

ఒక్క మాట చాలు. భానుశ్రీ నోరు విప్పితే అయిపోతుంది. ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ మెత్తగా చెప్పాలో, మొగుడి కోపం ఏ మాట దగ్గర విరుగుతుందో ఆమెకి తెలుసు. ఆ మాటలన్నీ గొంతులో సిద్ధంగా ఉన్నాయి. వాటిని అక్కడే ఆపేసి కూతురి కళ్ళలోకి చూస్తూ నిలబడింది. చూపు తిప్పుకోలేదు. ఒక్క అడుగు మాత్రం గోడవైపు జరిగి దారి ఇచ్చింది.

అనుష్క ఆ దారిన దిగింది. చివరి మెట్టు మీద ఒక్క క్షణం ఆగింది.

"డాడీ, నువ్వు కూర్చో," అంది.

కిరణ్‌కుమార్ నవ్వుతూ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పక్క కుర్చీ కూతురి కోసం దగ్గరికి జరిపాడు.

అనుష్క కూర్చోలేదు.